చూడమని చెప్పి ఊరుకుంటే చాలదు

"మంచి డాక్యుమెంటరీ ఒకటి చెప్పండి మేడమ్" అని అడిగినవాళ్లకు నేను వెంటనే పేరు చెప్పను. మీరేం పని చేస్తారు, తీరిక దొరికితే ఏం చదువుతారు, ఈమధ్య ఎవరితోనైనా దేని గురించైనా గట్టిగా వాదించారా అని అడుగుతాను. మామూలు సినిమాకు ఇంత ఆరా అక్కర్లేదు. హీరో పేరు చెబితే సగం పని అయిపోతుంది. డాక్యుమెంటరీకి హీరో ఉండడు, పాటలు ముందే విని ఉండరు, వాల్‌పోస్టర్ చూసి ఉండరు. చెప్పిన మనిషి మీది నమ్మకంతోనే రెండు గంటలు కూర్చుంటారు. అందుకని చెప్పినవాళ్ల మీద ఒక బాధ్యత ఉంది: సినిమా అయ్యాక లేచే వాదనకు కూడా వాళ్లు కూర్చోవాలి. చూడమని చెప్పి తప్పుకోవడం నాకు నచ్చదు.

హనుమకొండలో ఒక స్నేహితురాలి ట్యూషన్ సెంటర్ ఉంది. ఆదివారం సాయంత్రాలు వీలైనప్పుడల్లా ఆ మేడ మీది గదిలో కలుస్తుంటాం. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వచ్చేవాళ్లలో ఒక లాయరు, కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి దిగిన మా బావ, జువాలజీ చెప్పిన నా పాత సహోద్యోగి, కొందరు విద్యార్థులు ఉంటారు. బోర్డు పక్కన తెల్లగా ఉన్న గోడే మా తెర.

మా వయసువాళ్లకు డాక్యుమెంటరీ అంటే హాల్లో అసలు సినిమాకు ముందొచ్చే న్యూస్‌రీలే. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన రీళ్లను అప్పట్లో ప్రతి హాలువాడూ వేసి తీరాల్సి వచ్చేది, వాటికి అద్దె కూడా కట్టాల్సి వచ్చేది. ప్రాజెక్టులు, వరదలు, కుటుంబ నియంత్రణ, వెనకనుంచి ఒక గంభీరమైన గొంతు. ఆ గొంతు వినపడుతున్నంతసేపూ జనం బయట టీ తాగుతూ ఉండేవాళ్లు. పేర్లు పడేటప్పటికి లోపలికి వస్తే చాలనుకునేవాళ్లు. డాక్యుమెంటరీ అనగానే పాఠం చెబుతారన్న భయం మనకు అక్కడే పట్టుకుంది. అదే ఫిల్మ్స్ డివిజన్‌లో ఉంటూ 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 'ఐ యామ్ 20' తీశారు. దేశంతో పాటు 1947లో పుట్టి ఇరవయ్యేళ్లకు వచ్చిన కుర్రాళ్లను, ఆడపిల్లలను కూర్చోబెట్టి, మీకేం కావాలి, ఈ దేశం మీద మీకున్న నమ్మకమేంటి అని అడిగారు. దాన్ని నేను మొదట చూపించేది ఇరవై ఏళ్లవాళ్లకే. పట్టుమని ఇరవై నిమిషాలుండే సినిమా. అయ్యాక గంటసేపు మాట్లాడకుండా ఎవరూ లేవరు.

మా బావకు ఏం చూపించాలన్నది మాత్రం తేలిగ్గా తేలింది. కాన్పూరులో కరెంటు దొంగతనం మీద దీప్తి కక్కర్, ఫహద్ ముస్తఫా కలిసి తీసిన 'కటియాబాజ్' వేశాను. అందులో లోహా సింగ్ అనే మనిషి ఉంటాడు. స్తంభమెక్కి ఉత్త చేతులతో తీగలకు కొక్కేలు తగిలించి ఇళ్లకు, చిన్న చిన్న కార్ఖానాలకు కరెంటు ఇస్తుంటాడు. ఎదురుగా రీతూ మహేశ్వరి, ఆ ఊరి కరెంటు కంపెనీకి అధికారిగా వచ్చిన ఐఏఎస్. ఆమెకు బకాయిలు వసూలు కావాలి, దొంగ తీగలు దిగాలి. ఎండాకాలం, గంటల కొద్దీ కోత, రోడ్ల మీద జనం, ఎన్నికలు. చివరికి ఆమెకు బదిలీ.

లైట్లు వేయకముందే బావ అందుకున్నాడు. "ఇదేం సినిమా? దొంగను హీరోను చేసిండ్రు. వాడు కొక్కెం వేసిన రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. తెల్లారి జనం తిట్టేది లైన్‌మెన్‌ను." వెనక కూర్చున్న ఒక విద్యార్థిని లేచింది. "మా అమ్మ మిషన్ కుడతది సార్. మోటారు మిషన్. కరెంటు లేని రోజు మాకు కూలి లేదు. బిల్లు కట్టినోళ్లకు కూడా కోతే కదా. అసుంటప్పుడు ఎవరన్నా వచ్చి తీగ తగిలిస్తనంటే వద్దంటదా?" బావ కోప్పడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు ఉండాలి, లెక్కలో లేని కొక్కేలు పడితే ఆయిల్ ఎలా వేడెక్కుతుంది, ఫ్యూజు బదులు లావు తీగ వేస్తే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. ఆ అమ్మాయి కూడా తగ్గలేదు. అంతా అయ్యాక బావ ఒక మాటన్నాడు: "అధికారి ఆఫీసుకు పోయిండ్రు, దొంగ ఇంటికి పోయిండ్రు. లైన్‌మెన్ ఇంటికి గూడ కెమెరా పోతే ఈ సినిమా ఇంకో తీరుగుండేది." డాక్యుమెంటరీ గురించి ఇంతకన్నా మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు. కెమెరా ఎవరి గడప తొక్కింది, ఎవరి గడప దాటిపోయింది? అప్పటి నుంచి మా గదిలో ఏ సినిమా వేసినా ముందు ఇదే అడుగుతున్నాం.

మా లాయరుతో తగువు వేరే రకం. ఆయన కోసం ఎరల్ మోరిస్ 1988లో తీసిన 'ది థిన్ బ్లూ లైన్' ఎంచాను. క్రైమ్ సినిమాలు ఇష్టపడేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే. 1976 నవంబరులో ఒక రాత్రి, అమెరికాలోని డాలస్ నగరంలో, హెడ్‌లైట్లు వేయకుండా పోతున్న కారును రాబర్ట్ వుడ్ అనే పోలీసు ఆపాడు. కారులో ఉన్నవాడు కాల్చి చంపి వెళ్లిపోయాడు. కేసు ర్యాండల్ ఆడమ్స్ అనే ఇరవై ఎనిమిదేళ్ల మనిషి మీద పడింది. అతని మీద సాక్ష్యం చెప్పినవాళ్లలో ముఖ్యుడు డేవిడ్ హారిస్, అప్పటికి పదహారేళ్లవాడు. దొంగిలించిన కారులో ఆ రోజు పగలు ఆడమ్స్‌ను ఎక్కించుకున్నది కూడా అతనే. ఆడమ్స్‌కు మరణశిక్ష పడింది, తర్వాత యావజ్జీవంగా మారింది. మోరిస్ టెక్సాస్ వెళ్లింది ఈ కేసు కోసం కాదు, హంతకులు మళ్లీ చంపుతారని కోర్టుల్లో అలవాటుగా చెప్పే ఒక సైకియాట్రిస్టు మీద సినిమా తీయడానికి. ఖైదీలతో మాట్లాడుతుంటే ఆడమ్స్ తగిలాడు.

ఈ సినిమాలో వ్యాఖ్యానం లేదు. మాట్లాడే మనిషి ఎవరో తెర మీద పేరు కూడా పడదు, వింటూ మనమే పోల్చుకోవాలి. చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ కావాలనుకున్నానని మురిపెంగా చెప్పే సాక్షి ఒకామె ఉంది. ఆమె మాటలు వింటుంటే ఒళ్లు చల్లబడుతుంది. మధ్యమధ్య హత్య జరిగిన దృశ్యాన్ని నటులతో మళ్లీ మళ్లీ తీసి చూపిస్తారు. ఒకసారి వుడ్‌తో డ్యూటీలో ఉన్న పోలీసామె చేతిలోని మిల్క్‌షేక్ కప్పు గాలిలో మెల్లగా తిరుగుతూ వచ్చి రోడ్డు మీద పడుతుంది. కాల్పుల వేళ ఆమె నిబంధన ప్రకారం కారు దిగి నిలబడిందా, లోపలే కూర్చుని తాగుతోందా? ఆమె ఎంత చూడగలిగిందన్నది ఆ కప్పు మీదే ఆధారపడి ఉంది. వెనక ఫిలిప్ గ్లాస్ సంగీతం. అన్నీ అయ్యాక చివర్లో తెర మీద ఒక టేప్‌రికార్డర్ తప్ప ఏమీ ఉండదు. అందులో హారిస్ గొంతు. ఆడమ్స్ నిర్దోషి అని, ఆ సంగతి తనకు తెలుసని, ఎందుకు తెలుసో దాదాపు చెప్పేస్తూ చెబుతాడు. ఆ రోజు కెమెరా చెడిపోయింది కనుక టేపు మాత్రమే మిగిలింది.

"బాగుంది మేడమ్, కాని ఒప్పుకోను" అన్నారు లాయరు. "సాక్షి చెప్పింది రికార్డు చేయొచ్చు, నటింపజేయకూడదు. కళ్లతో చూసింది మనసులో నాటుకుపోతుంది. నేను జడ్జినైతే ఈ రీలు లోపలికి రానివ్వను." అప్పట్లో అమెరికాలోనూ ఈ మాటే అన్నారు. ఆ సంవత్సరం విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ఈ సినిమాకు ఆస్కార్ డాక్యుమెంటరీ విభాగంలో నామినేషన్ కూడా దక్కలేదు. ఆ నటింపులే కారణమని చాలామంది అన్నారు. నేను లాయరును సినిమా మళ్లీ చూడమన్నాను. మోరిస్ నటింపజేసిన ప్రతి దృశ్యమూ ఎవరో ఒకరు చెప్పిన కథ. ఒకదానికొకటి పొసగదు. కారు మారుతుంది, డ్రైవరు జుట్టు మారుతుంది, సీటులో ఎంతమంది ఉన్నారన్నది మారుతుంది. అసలు ఇలా జరిగింది అని దర్శకుడు ఒక్కసారి కూడా చూపించడు. సాక్ష్యాలు ఎంత వదులుగా ఉన్నాయో కంటికి కనపడేలా చేయడమే ఆయన చేసిన పని. 1989లో టెక్సాస్ అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది, పన్నెండేళ్లు దాటిన జైలు నుంచి ఆడమ్స్ బయటికి వచ్చాడు. వచ్చాక తన జీవితకథ హక్కుల కోసం మోరిస్ మీదే దావా వేశాడు, అది రాజీ అయింది. ఈ చివరి ముక్క చెప్పగానే లాయరు ముఖం వెలిగింది. మనిషిని విడిపించినంత మాత్రాన అతని కథ మనదైపోతుందా అన్న ప్రశ్న ఆయనకు సినిమా కన్నా ఎక్కువ నచ్చింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి పదకొండు దాటింది.

నటింపజేయడం పాపం కాదని, దాన్ని దాచడమే పాపమని నా అభిప్రాయం. ఈ దాపరికం కొత్తది కాదు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' ఈ తరహా సినిమాలకు పెద్దదిక్కు. కెనడా ఉత్తరాన మంచులో బతికే కుటుంబం కథ. నానూక్ అని చూపించిన వేటగాడి అసలు పేరు అల్లకరియల్లక్. భార్యగా కనపడినామె అతని భార్య కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషులతో బల్లేలు పట్టించి వాల్‌రస్‌ను వేటాడించారు. మంచుగుడిసె లోపల వెలుతురు చాలక సగం గుడిసె కట్టించి తీశారు. గుడిసె సంగతి నన్ను బాధపెట్టదు, కెమెరాకు వెలుతురు కావాలి. గ్రామఫోన్ రికార్డును ఏమీ తెలియనట్టు అతనితో కొరికించారే, అది బాధపెడుతుంది. ఇక డిస్నీవాళ్లు 1958లో తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' పేరెత్తితే మా జువాలజీ మాస్టారు కుర్చీలో నిలవరు. లెమ్మింగులనే చిన్న ఎలుకజాతి జంతువులు గుంపుగా వెళ్లి నీళ్లలో దూకి చస్తాయని ఆ సినిమా లోకాన్ని నమ్మించింది, ఆస్కార్ కూడా గెలిచింది. నిజానికి లెమ్మింగులు ఉండని ఆల్బర్టాకు వాటిని తెప్పించి, గట్టు మీదినుంచి నీళ్లలోకి నెట్టి తీశారు. 1980లలో కెనడా టీవీ వాళ్లు దాన్ని బయటపెట్టారు. "పాతికేళ్లు పిల్లలకు అబద్ధం చెప్పించారు నాతోటి టీచర్లందరి చేత" అంటారాయన. ఆ కోపం ఆయనకు ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా.

చేర్చిన అబద్ధం దొరుకుతుంది. వదిలేసిన నిజం దొరకడమే కష్టం. 'సెర్చింగ్ ఫర్ షుగర్‌మ్యాన్' చూసి మా గదిలో కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు లేరు. డెట్రాయిట్‌లో రోడ్రిగెజ్ అనే పాటగాడు 1970, 71లలో రెండు రికార్డులు ఇచ్చాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. పాత ఇళ్లు కూల్చే కూలిపనికి వెళ్లిపోయాడు. అవే పాటలు దక్షిణాఫ్రికాలో, వర్ణవివక్ష రోజుల్లో, తెల్లవారి పిల్లల నోళ్లలో ఇంటింటా మోగాయి. ఆ సంగతి ఇతనికి తెలియదు. ఇతను వేదిక మీదే ప్రాణం తీసుకున్నాడని అక్కడివాళ్లు నమ్మారు. 1997లో ఇద్దరు అభిమానులు వెతికి పట్టుకున్నారు, మరుసటేడు అక్కడ కిక్కిరిసిన హాళ్లలో పాడాడు. సినిమా 2012లో వచ్చింది, మరుసటి సంవత్సరం ఆస్కార్ తెచ్చుకుంది. సిడ్నీలో ఉండే మా చెల్లెలి కూతురికి చూడమని చెప్పాను. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మా ఆఫీసులో ఒక పెద్దాయన ఈయన కచేరీకి వెళ్లారట, ఎప్పుడో వాళ్ల కుర్రతనంలో!" నిజమే. 1979లో, 1981లో రోడ్రిగెజ్ ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడు. సినిమాలో ఆ ఊసే లేదు. రికార్డులు రాగానే లోకం మరిచిన మనిషి, పాతికేళ్ల తర్వాతే తొలిసారి జనం ముందు నిలబడ్డాడన్న భావం కలగడానికి అది అడ్డు.

మా గది ఇక్కడ రెండుగా చీలింది. దక్షిణాఫ్రికా కథ చెబుతున్నప్పుడు ఆస్ట్రేలియా ఎందుకు అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. నా కన్నీళ్లలో కొంత భాగం ఆ వదిలేసినదాని వల్ల వచ్చింది కనుక అది నాకు చెప్పాల్సిన సంగతే. అయినా ఈ సినిమాను ఇప్పటికీ అందరికీ చెబుతాను. ఆస్ట్రేలియా సంగతి మాత్రం ముందు చెప్పను, చూశాక చెబుతాను. ముందే చెబితే ఆనందం పోతుంది, అసలు చెప్పకపోతే మోసం.

వదిలేయడం ఒక్కోసారి మర్యాద కూడా. వెర్నర్ హెర్జోగ్ 2005లో తీసిన 'గ్రిజ్లీ మ్యాన్' చూడండి. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య వేసవులు గడిపిన తిమోతీ ట్రెడ్‌వెల్ చివరికి ఎలుగుబంటి నోట పడ్డాడు. ఆ క్షణాల శబ్దం అతని కెమెరాలో రికార్డయింది, బొమ్మ లేదు. హెర్జోగ్ ఆ టేపును హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాడు. మనకు వినిపించడు. మనకు కనపడేది ఆయన వీపు, ఎదురుగా కూర్చుని ఆయన ముఖాన్నే చూస్తున్న ట్రెడ్‌వెల్ స్నేహితురాలు. విన్నాక, దీన్ని నువ్వెప్పుడూ వినకు, ధ్వంసం చెయ్యి అని ఆమెకు చెబుతాడు. ప్రమాదాల వీడియోలు క్షణంలో ఫోన్లు మారే ఈ రోజుల్లో మా విద్యార్థులకు ఈ ఒక్క దృశ్యం చూపిస్తే చాలనిపిస్తుంది.

అయితే పరాయి ఊళ్ల సినిమాల మీద వాదించడం సులువు. మన ఊరి మాట వస్తే గొంతులు మారతాయి. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ 1986లో 'క్యా హువా ఇస్ షెహర్ కో' తీశారు. 1984లో హైదరాబాద్‌లో జరిగిన మత ఘర్షణల మీది సినిమా అది. దాన్ని పాతబస్తీలో పెరిగిన మనిషి పక్కన కూర్చుని చూడటం వేరు. తెర మీద జనం కర్ఫ్యూలో చిక్కుకుని ఉంటే, పక్కన మనిషి మెల్లగా ఆ గల్లీ పేరు చెబుతాడు. అక్కడ దర్శకత్వం గురించి మాట్లాడాలంటే ధైర్యం కావాలి.

ఇక మా గదిలో కుర్చీలు కదిలిపోయేంత గొడవ అయింది పత్తి గురించి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది చిన్న కమతాల దళిత రైతులు, కెమెరా పట్టడం నేర్చుకుని సొంతంగా సినిమాలు తీశారు. వాళ్లు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు నాకు ఎంతో ఇష్టం. పైనుంచి కిందికి చూస్తే పటేలు షాట్. మనిషి కళ్లకు సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ మహిళలు మా వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి వచ్చి, మూడేళ్లు పంట వెంట తిరిగి, వాళ్లు ఎలా నష్టపోయారో చూపించారు. చేను గట్టున రైతు పక్కనే కూర్చుని, మరో రైతు అడుగుతున్నట్టు అడిగారు. సూటూబూటు విలేకరికి చెప్పని మాటలు ఆ రైతులు వీళ్లకు చెప్పారు.

సినిమా అయ్యాక అగ్రికల్చర్ బీఎస్సీ చదివే కుర్రాడు లేచాడు. "మేడమ్, తీసినవాళ్ల సొసైటీ మొదటి నుంచీ బీటీకి వ్యతిరేకం. ఇవాళ దేశంలో నూటికి తొంభై ఎకరాల పైన బీటీ పత్తే. మా నాన్న కూడా అదే పెడతడు. అందరూ తెలివి తక్కువోళ్లా?" ఇంకొకామె అందుకుంది: "వేరే విత్తనం దుకాణంలో దొరకకపోతే మీ నాన్న ఏం పెడతడు మరి?" గులాబీ రంగు పురుగు, మందు ఖర్చు, వాన, అప్పు, అన్నీ బయటికొచ్చాయి. ఒక పక్షం తీసుకుని తీస్తే అది డాక్యుమెంటరీయేనా అని లాయరు అడిగారు. నా జవాబు నాకు తెలుసు: పక్షం ఉండటం తప్పు కాదు. ఆ మహిళలు తామెవరో, ఎటువైపు నిలబడ్డారో దాచలేదు, ఎవరి డబ్బుతో తీశారో తెలియని ప్రకటనల్లాంటి సినిమాల కన్నా ఇది వెయ్యి రెట్లు నిజాయతీ. కాని కుర్రాడి ప్రశ్నా తీసేయదగ్గది కాదు. ఆ మూడేళ్లలో ఏ రైతులను ఎంచారు, వానలు ఎలా పడ్డాయి, లాభపడ్డ రైతు ఒకడైనా ఉంటే అతని చేనుకు వెళ్లారా? బావ అడిగిన లైన్‌మెన్ ప్రశ్నే ఇది, మన జిల్లా చేల మధ్య నిలబడి అడగాల్సి వచ్చింది. కుర్రాడు ఇప్పుడు వాళ్ల ఊళ్లో, ఆ రోజుల్లో పత్తి వేసిన పెద్దవాళ్లను ఫోన్లో రికార్డు చేస్తున్నాడు. ఇరుపక్షాలవీ తెస్తానన్నాడు. తెచ్చాక ఆ పాత సినిమా, ఇతని రికార్డింగులు వెంటవెంటనే వేస్తాం.

దానికి ముందు ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్' వేయాలని నేను పట్టుబట్టాను. 1997లో ముంబై రమాబాయి కాలనీలో అంబేడ్కర్ విగ్రహానికి అవమానం జరిగిందని రోడ్డెక్కిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. అది చూసి తట్టుకోలేక విలాస్ ఘోగ్రే అనే పాటల మనిషి ఉరేసుకున్నాడు. పట్వర్ధన్ అక్కడ మొదలుపెట్టి, పద్నాలుగేళ్లు ఆ పాటల వెంట తిరిగి తీశారు. సినిమా మూడు గంటలు దాటుతుంది. మధ్యలో ఆపి చాయ్ ఇస్తేనే వస్తానని బావ షరతు పెట్టాడు, సరేనన్నాను. కోర్టులో కాల్పుల కేసు ఎలా నడిచిందో మాట్లాడటానికి లాయరు సిద్ధమవుతున్నారు. మిషన్ కుట్టే తల్లిని వెంటబెట్టుకు వస్తానని ఆ విద్యార్థిని చెప్పింది. మరాఠీ, హిందీ మాటలను ఆమెకు పక్కన కూర్చుని తెలుగులో ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. బహుశా నేనే చెబుతాను.